పదిహేడు కీచురాళ్లు

మూంటా,
9 మార్చి 1997

టాంసిన్‌కి,

మొదట ఒక దిద్దుబాటు. నా దగ్గర వదిలి వెళ్లిన నీ బల్లి గురించి, నీ ఉత్తరం రెండో పేజీలో "నువ్వు వాణ్ణి పస్తు పెడుతున్నావు" అని రాశావు. పస్తు అంటే తినడానికి ఏమీ లేకపోవడం. ఈ ఉదయం ఆ గాజుపెట్టెలో నేను లెక్కపెట్టిన కీచురాళ్లు పదిహేడు. ఇంట్లో పదిహేడు భోజనాలు తిరుగుతుండగా పస్తున్నానని ఎవరైనా చెప్పుకుంటే, వాళ్లకి కావలసింది తిండి కాదు, సిగ్గు.

ఈ మాట నీకు ఎవరు మోసుకొచ్చారో తెలుసు. పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తూ మీ లవ్‌డే పిన్ని ఇక్కడ ఆగింది. నా కడుపున పుట్టిందే అయినా చెబుతున్నాను, దానికి చూపు తక్కువ, చెప్పడం ఎక్కువ. నేను చేసిన మాంసం కూరిన ప్యాస్టీ నములుతూ పెట్టె మీదికి వంగి, "అయ్యో అమ్మా, ఎంత చిక్కిపోయింది! తోక చూడు, ఎండిన క్యారెట్టులా ఉంది!" అంది. పెట్టె మీద రాలిన ప్యాస్టీ పొడి తుడిచింది నేను. నీకు ఉత్తరం రాసింది అది.

తోక సన్నబడింది, కాదనను. ఈ జాతి బల్లికి తోకే ధాన్యపు కొట్టు, అందులో కొవ్వు దాచుకుంటుంది. పది రోజులుగా అది తినడం మానేసి కొట్టులోది ఖర్చు పెట్టుకుంటోంది. అది దాని మొండితనం, నా లోపం కాదు. నువ్వు ఆ మారుమూల పశువుల ఫారంలో, అదే మీ స్టేషన్‌లో, యజమాని పిల్లకి చదువు చెప్పడానికి వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితం నేను అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాను. కీచురాయి దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదన్నావు. ఏరి తెచ్చాను. కాల్షియం పొడిలో దొర్లించమన్నావు. వేపుడుకి చేపముక్కలు దొర్లించినట్టు సంచిలో వేసి కుదిపాను. వారానికి పది అన్నావు. నేను కడీనా బజారుకి పదిహేను రోజులకోసారే వెళ్తాను, ఆ కీచురాళ్ల డబ్బా వాసన నా వంటింట్లో భరించలేను, అందుకని ఇరవై ఒకేసారి గుమ్మరించాను. మూడు తింది. మిగతావి దాని ఎదురుగానే ఉన్నాయి. ఆకలేస్తే తింటుంది.

బదులుగా అది ఏం చేస్తోందో తెలుసా? నాలుగు కాళ్ల మీద లేచి, వీపు విల్లులా వంచి, మొరుగుతోంది. బల్లి మొరుగుతుందని నువ్వు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. దానికి కెప్టెన్ అని పేరు పెట్టి మంచిపని చేశావు. మా నాన్న చెప్పిన, రాగి గనుల్లో కూలీల మీద పెత్తనం చేసే కెప్టెన్లూ ఇలాగే ఉండేవాళ్లు, పని తక్కువ, అరుపు ఎక్కువ.

ముప్పై ఒక్కేళ్లు సైన్సు చెప్పిన మనిషికి ఒక బల్లిని మేపడం రాదని ఇంకోసారి రాసేముందు నాలుగు నిమిషాలు ఆలోచించు. అక్కడ వానలని విన్నాను. కాళ్లు పొడిగా ఉంచుకో.

అమ్మమ్మ


కుల్గారా స్టేషన్,
15 మార్చి

అమ్మమ్మా,

పదిహేడా? పదిహేడూ లోపలే ఉన్నాయా?

టపా విమానం దిగింది, పైలట్ టీ తాగేదాకా నాకు టైముంది. తీసెయ్. ఒక్కటి కూడా మిగల్చకుండా తీసెయ్. ఈ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్లి తీసెయ్. బల్లి కీచురాయిని తింటుందని అందరికీ తెలుసు. కీచురాయి బల్లిని తింటుందని పెంచేవాళ్లకే తెలుసు. ఆ పెట్టెలో వాటికి తిండి లేదు, నీళ్లు లేవు, ఇసుక తప్ప ఏమీ లేదు. అలాంటప్పుడు పగలు నిద్రపోయే వాడి తోక, వేళ్లు, కళ్లు కొరుక్కుతింటాయి. వాడికి కనురెప్పలు కూడా లేవు! వాడు నీ మీద మొరగడం లేదు. అరిచి చెబుతున్నాడు. వారంగా చెబుతున్నాడు. నువ్వేమో మొండితనం అంటున్నావు.

నీకు అందరూ మొండివాళ్లే. నీ బల్ల దగ్గర ఎవరైనా తినకపోతే కారణం ఏమిటని ఎప్పుడైనా అడిగావా? నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆ ఉడికించిన గుమ్మడి మూడు పూటలు నా ముందే పెట్టావు. పొద్దున అది చల్లగా, పైన తెట్టు కట్టి ఉంది. "ఆకలేస్తే తింటుంది" అన్నావు. ఇదిగో, ఇప్పుడూ అదే మాట, అవే అక్షరాలు, ఒక బల్లి గురించి.

పిడుగు పడి ఫోన్ టవరు కాలిపోయింది, లేకపోతే ఇది నీ చెవిలోనే అరిచేదాన్ని. ఉత్తరం చేరేలోపు వాడు ఉండడేమోనని రేడియోలో కూడా కబురు పెట్టిస్తున్నాను. అది ఎవరి చేతులు మారి నీ దగ్గరికి వస్తుందో నాకు తెలియదు.

కడీనాలో గార్త్ నాన్‌కివెల్‌కి కూడా రాశాను. ఆయన దగ్గర నలభై బల్లులున్నాయి. ఏప్రిల్ 5న వచ్చి కెప్టెన్‌ని తీసుకెళ్తాడు. దయచేసి గొడవ చేయకుండా ఇచ్చెయ్. పైలట్ లేచాడు.

టాంసిన్


మూంటా,
20 మార్చి

టాంసిన్,

గుమ్మడి రెండు పూటలు, మూడు కాదు.

నీ రేడియో కబురు ఎవరి చేతులు మారి వచ్చిందో తెలియదన్నావుగా, విను. ఆదివారం పొద్దున నేను చర్చికి టోపీ పెట్టుకుంటుంటే తలుపు కొట్టారు. తీస్తే కాన్‌స్టేబుల్ రోడ్డా. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నా దగ్గర సైన్సు రెండుసార్లు తప్పిన మొహం అది, కానీ ఆ రోజు తెల్లగా పాలిపోయి ఉంది.

"మిసెస్ ట్రెలోర్, మీరు కూర్చుంటారా?" అన్నాడు.

పోలీసు టోపీ తీసి కూర్చోమన్నాడంటే దాని అర్థం ఒకటే. మీ తాతయ్య పడవ తిరగబడిన రోజు వచ్చిన పోలీసూ ఇదే మాట అన్నాడు. నేను కూర్చోలేదు. "నిలబడే వింటాను, చెప్పు," అన్నాను.

"కుల్గారా స్టేషన్ నుంచి రేడియోలో... మీ మనవరాలు టాంసిన్ గురించి..." అని జేబులోంచి కాగితం తీశాడు. అది నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ నాలుగు మడతలు విప్పడానికి వాడికి ఎంతసేపు పట్టిందో నీకు ఎప్పటికీ తెలియదు.

"పెట్టెలోంచి కీచురాళ్లు వెంటనే తీసెయ్యమన్నారు."

"ఏమిటీ?"

"కీచురాళ్లు, మేడమ్. అదే రాసుంది."

"పిల్ల బతికే ఉందా?"

కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "అది ఇందులో లేదు, మేడమ్."

"రోడ్డా! కబురు పెట్టింది అదే అయితే బతికే ఉంటుంది కదూ?"

"అవును కదా మేడమ్," అన్నాడు, ఏదో కనిపెట్టినట్టు. స్కూల్లో కూడా వాడు ప్రశ్న సగమే చదివేవాడు.

పెట్టుకున్న టోపీ తీసి మేకుకి తగిలించాను. తర్వాత వాడి చేతికి టార్చి ఇచ్చి పెట్టె దగ్గరికి తీసుకెళ్లాను. బెరడు ముక్క ఎత్తి చూశాను. గడ్డివాముకి పశువులు చేరినట్టు కీచురాళ్లు దాని చుట్టూ చేరి ఉన్నాయి. మూడు తోక దగ్గర, ఒకటి వెనక కాలి దగ్గర. అది కదలడం లేదు, కళ్లు మాత్రం నా వైపే ఉన్నాయి. అప్పుడు మొరగలేదు.

అన్నిటినీ తీశాను. పదిహేడూ. అట్టగొట్టం లోపల పెడితే చీకటికోసం అందులో దూరాయి, దులిపి బకెట్లో వేశాను. రోడ్డా ఒకదాన్ని తొక్కి క్షమించమన్నాడు, ఎవరినో తెలియదు. సోమవారం పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా గొర్రెల గిట్టలు చూస్తున్న మనిషి, ఈ కాలు చూడటానికి కళ్లజోడు మార్చాల్సి వచ్చింది. వెనక కుడికాలి వేళ్లు రెండు పోయాయి. తోక కొస పుండు. కళ్లు బాగున్నాయి. ఇసుక తీసి కాగితం పరిచాను, పూటకోసారి మందు నీళ్లతో తుడుస్తున్నాను. బతుకుతుందో లేదో ఆయన చెప్పలేదు. తింటే బతుకుతుందన్నాడు. ఇంకా తినలేదు.

ఇక నీ కాగితం సంగతి. ఫ్రిజ్ మీది నుంచి ఊడదీసి దీనితో పంపుతున్నాను, నకలు నా దగ్గర ఉంచుకున్నాను. ఆరో అంశం చదువు: "పాతవి అయ్యేదాకా కొత్తవి వెయ్యకు. తినకపోతే అలాగే వదిలెయ్. ఆకలేస్తే తనే తింటాడు. జాలిపడకు." ఆ చేతిరాత నాది కాదు. "జాలిపడకు" కింద రెండు గీతలు కూడా నేను గీసినవి కావు. కాబట్టి నా బల్ల గురించి నాకు పాఠం చెప్పేముందు నీ కాగితం తిరగేసుకో.

గార్త్‌ని రానివ్వు. తలుపుకి గడియ ఉంది. లవ్‌డే వచ్చినా అదే గడియ.

అమ్మమ్మ


కుల్గారా స్టేషన్,
22 మార్చి

అమ్మమ్మా,

ఈ వారం విమానంలో నీ ఉత్తరం లేదు. లవ్‌డే పిన్ని ఉత్తరం ఉంది. "కీచురాళ్లు బల్లిని సగం తినేశాయి. మీ అమ్మమ్మ నాకు తలుపు తియ్యడం లేదు. పోలీసులు కూడా వచ్చి వెళ్లారని పక్కింటావిడ చెప్పింది." అంతే రాసింది.

వాడు చచ్చిపోయాడు కదూ? నాకు చెప్పడానికి నీకు మొహం చెల్లక రాయలేదు. పోలీసులెందుకు వచ్చారు? ఎవరు ఫిర్యాదు చేశారు? నువ్వు వాళ్ల ముందు కూడా "నా లోపం కాదు" అన్నావా?

నాలుగేళ్లు పెంచాను వాణ్ణి. ఎవరి దగ్గరైనా వదలగలిగేదాన్ని. గార్త్ అప్పుడే అడిగాడు. లేదు, అమ్మమ్మ ఒంటరిగా ఉంటుంది, ఆమెకి చూసుకోవడానికి ఒకటి ఉంటే బాగుంటుందన్నాను. బుద్ధి లేక అన్నాను. నీ చేతికి ఇచ్చినవేవీ నీ దగ్గర నిలవవు. అమ్మ కూడా ఆ బల్ల దగ్గర్నుంచే లేచి పెర్త్ వెళ్లిపోయింది, మళ్లీ ఆ ఇంట్లో ముద్ద తినలేదు. వెళ్లడానికి కాళ్లుండబట్టి బతికింది. కెప్టెన్ గాజుపెట్టెలో ఉన్నాడు.

టాంసిన్


కుల్గారా స్టేషన్,
29 మార్చి
(అమ్మమ్మా, ముందు ఇది చదువు. 22వ తేదీది తెరవకుండా చింపెయ్.)

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడు అందింది. అంటే వాడు 20 దాకా బతికే ఉన్నాడు. ఇప్పుడు? తిన్నాడా?

కాగితం చూశాను. నా రాతే. గీతలూ నావే. నువ్వు నకలు పెట్టుకున్నావని చదివి ఒళ్లు మండింది, కానీ రాత నాదే. కీచురాళ్లు కొరుకుతాయని నాకు తెలుసు. నా దగ్గరున్నప్పుడు మూడో నాలుగో వేసి, పక్కనే కూర్చుని, తినగా మిగిలినవి తీసేసేదాన్ని. అది అలవాటు, అలవాటు కాగితం మీదికి ఎక్కలేదు. వాడు ఆ వారం కీచురాళ్లు మానేసి చిమ్మటలకోసం మారాం చేస్తున్నాడు, నేను సామాను సర్దుకుంటూ కోపంలో ఆ ఆరోది రాశాను. అంతే. కానీ ఇరవై ఒకేసారి గుమ్మరించమని ఏ కాగితమూ చెప్పలేదు, అమ్మమ్మా. అది నీదే. నా మీదికి తొయ్యకు.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. నిన్న, నేను చదువు చెప్పే ప్రూ పాఠం చదవనని మొండికేసింది. ఆరేళ్ల పిల్ల. "చదివేదాకా బల్ల దగ్గర్నుంచి లేవకు" అన్నాను. రెండు గంటలు కూర్చుంది. ఏడవలేదు కూడా. నా వైపు చూస్తూ కూర్చుంది. వాళ్లమ్మ వచ్చి చూసి, పిల్లని ఎత్తుకుని వెళ్లిపోయింది. అప్పటికింకా నీ ఉత్తరం రాలేదు. ఈ రోజు ఆ కాగితం వచ్చాక ఆరో అంశం రెండుసార్లు చదివాను.

కెప్టెన్‌ని గార్త్‌కి ఇచ్చెయ్. నీ మీద కోపంతో కాదు. కోపం ఉంది, కానీ అందుకు కాదు. మనిద్దరిలో ఎవరి చేతిలోనూ ఒక ప్రాణిని పెట్టకూడదు.

టాంసిన్


మూంటా,
6 ఏప్రిల్

టాంసిన్,

ఈస్టర్ సెలవుల్లో టపా ఆగిపోయి, నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. ముందు రెండోది చదవమన్నావు. నేను తేదీల వరుసలో చదివాను. చింపెయ్యమన్నావు. చింపను. కోపంలో రాసినది ఉత్తరం కాకుండా పోదు.

అందుకని జవాబు కూడా వరుసలోనే. మీ అమ్మ ఆ బల్ల దగ్గర్నుంచే లేచింది, నిజం. కుర్చీ కూడా లోపలికి తొయ్యలేదు. ఆ కుర్చీ నేను లోపలికి తొయ్యడానికి మూడు రోజులు పట్టింది. దాని గురించి నువ్వు నాతో మాట్లాడవచ్చు, ఎదురుగా కూర్చుని, మొహం చూసి. విమానం పైలట్ టీ తాగే వ్యవధిలో కాదు.

నిన్న గార్త్ వచ్చాడు. గడియ తీశాను, మనిషిని చూడాలనిపించింది. ద్వారబంధం నిండేంత ఆకారం, చేతిలో మూతకి చిల్లులు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా. బూట్లు బయట విప్పమంటే విప్పాడు. అది ఒక మార్కు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, గాజు మీద వేలితో తట్టకుండా చూశాడు. అది ఇంకో మార్కు.

"తిన్నాడా?" అన్నాడు.

"గురువారం ఒకటి. నిన్న రెండు."

"మళ్లీ కీచురాళ్లేనా? అంత జరిగాక వాటిని చూసి బెదరలేదా?"

"వెనక కాళ్లు తుంచి, పట్టకారుతో పట్టుకుని, నోటి ముందు ఆడించాను. కాళ్లు లేనిదానికి ఎవరు బెదురుతారు?"

"కాళ్లు ఎవరు తుంచారు?"

"పోప్ గారు వచ్చి తుంచి వెళ్లారు. ముప్పై ఒక్కేళ్లు పిల్లల చేత కప్పలు కోయించాను, నాయనా."

నవ్వాడు. తర్వాత నకలు తీసుకుని చదివాడు. ఆరో అంశం దగ్గర ఆగి, "ఇది ఏ దద్దమ్మ రాసింది?" అన్నాడు.

"నా మనవరాలు. దాన్ని దద్దమ్మ అనే హక్కు ఈ ఇంట్లో ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరూ నువ్వు కాదు."

"తప్పయిందండీ. మరి తీసుకెళ్లమంటారా, వద్దా? ఇప్పుడు చోటు మారిస్తే మళ్లీ తిండి మానేస్తాడు. నా దగ్గర నలభై ఉన్నాయి, పట్టకారుతో ఒక్కొక్కటీ తినిపించే తీరిక నాకు లేదు. కానీ ఆ పిల్ల మరీ మరీ రాసింది."

"ఆ పిల్లకి నేను రాసుకుంటాను," అన్నాను. ఖాళీ డబ్బాతో, ఒక ప్యాస్టీతో పంపించాను.

కాబట్టి రాస్తున్నాను. కెప్టెన్ ఎక్కడికీ వెళ్లడు. పుండు ఎండింది. వేళ్లు రావు. తోక కొస ఊడిపోవచ్చు, ఊడితే కొత్తది వస్తుందట, కానీ పాతదానిలా ఉండదు, నున్నగా వేరే ఆకారంలో ఉంటుందట. ఉండనీ.

ఆరో అంశం నీ చేతిరాత, నా మాట. ఇరవై గుమ్మరించింది నా చెయ్యి, వదిలెయ్యమన్నది నీ కాగితం, ఆ కాగితం నీకు నేర్పింది నా బల్ల. తిప్పి తిప్పి చూశాను, ఇంకెవరి మీదికీ తొయ్యడానికి కుదరలేదు. లవ్‌డే మీదికి కూడా, ప్రయత్నించాను. ఇంకా ఒకటి. గుమ్మడి మూడు పూటలే. మూడో పూట దాన్ని కోళ్లకి వేసి, "సరే, ఇక లే" అన్నాను. తప్పు చేశానని అప్పుడే తెలుసు, నీకు చెప్పలేదు. పదహారేళ్ల కిందట చెప్పి ఉంటే నువ్వు ఆ గీతలు గీసేదానివి కాదు.

ఎవరి చేతిలోనూ ప్రాణిని పెట్టకూడదని రాశావే, అది తప్పించుకునే మాట. ప్రాణి చేతిలో ఉంది కాబట్టే చేతికి బుద్ధి రావాలి. ప్రూ దగ్గరికి వెళ్లి, నిన్ను అంతసేపు కూర్చోబెట్టడం నాదే తప్పని చెప్పు. వాళ్లమ్మ వినేటట్టు చెప్పు. మనలాగా పెద్దయ్యాక చెబుదామని దాచకు.

నేను చల్లబడ్డానని మాత్రం అనుకోకు. రోడ్డా ఆ నాలుగు మడతలు విప్పినంతసేపటికి నేను నిన్ను క్షమించలేదు, ఈ ఏడాది క్షమించే ఉద్దేశమూ లేదు. ఇకపై రేడియోలో ఏ కబురు పెట్టినా మొదటి వాక్యం "నేను బాగున్నాను" అయి ఉండాలి, ఆ తర్వాతే పురుగులు.

ఇప్పుడు పద్ధతి ఇది. పొద్దువాలాక మూడు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పావుగంటలో తినకపోతే తీసేస్తాను, మారుమాట లేదు. ఒకటి కళ్లు కప్పి దాక్కుందేమోనని మూలలో క్యారెట్టు ముక్క పెడతాను, కొరికితే దాన్నే కొరుకుతుంది. బజారు కీచురాళ్లు సగం చచ్చినవి, వాటిలో పోషణ ఏముంటుంది? నేనే పెంచుతాను. బట్టలుతికే గదిలో పెద్ద తొట్టె పెట్టాను, ఓట్స్, ఆకుకూర, తడి దూది. అప్పుడే రెండు మగవి కూత మొదలెట్టాయి. భరిస్తున్నాను. కానీ తొట్టెలో అవి ఒకదాన్నొకటి తినకుండా ఎక్కి దాక్కోవడానికి గుడ్ల అట్టలు కావాలి, నేను వారానికి రెండు గుడ్లు తినే మనిషిని.

మీ స్టేషన్ వంటింట్లో ముప్పై గుడ్లు పట్టే అట్టలు పోగుపడే ఉంటాయి. వంటమనిషిని అడిగి ఎనిమిది తీసుకో. బూడిదరంగు కాగితపువే కావాలి, ప్లాస్టిక్‌వి వద్దు, కాళ్లు జారుతాయి. గుడ్డు కారి ఎండిన మరకలున్నవి వద్దు, బూజు పడుతుంది. చీమలుంటే ఎండలో దులుపు, మందు కొట్టకు. ఒకదాంట్లో ఒకటి పెట్టి దారంతో కట్టు, జిగురు పట్టీ అంటించకు. వచ్చే శనివారం పైలట్ చేతికే ఇవ్వు, పైన బరువు పెట్టవద్దని చెప్పు.

అమ్మమ్మ